జమ్మాకు అధ్యాయం

బాన్సువాడ బస్టాండులో దిగి, పిల్లల నవలలు రాసే ఆవిడ ఇల్లెక్కడని అడిగి చూడండి, జనం మీ ముఖం వంక వింతగా చూస్తారు. ఎరువుల దుకాణం సుప్రజమ్మ అనండి, చెయ్యి చాపి దారి చూపిస్తారు. ఆవిడా ఈవిడా ఒక్కరే. డీఏపీ బస్తాకు రసీదు రాసిన చేత్తోనే నవలా రాస్తుంది. కాకపోతే యూరియా లారీ వచ్చిన రోజున నవల ఒక్క వాక్యం కూడా ముందుకు కదలదు. ఆ రోజు దుకాణం ముందు నిలబడి చూస్తే, ఎంత గొప్ప రచయితకైనా కదలదని మీరే ఒప్పుకుంటారు.

సుప్రజకు నలభై దాటాయి. పుట్టింది ఇక్కడే. పెరిగింది ఊరి బయట కాలువ కింద ఉన్న క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ నీళ్ల మీద వరి పండించుకుంటున్న వాళ్ల వాడల్ని ఈ చుట్టుపక్కల క్యాంపులంటారు. వచ్చి అరవై ఏళ్లయినా, మేడ మీద మేడ వేసినా, క్యాంపు క్యాంపే. రేపో మాపో గుడారం పీక్కుని పోతారన్నట్టుంటుంది ఆ మాట. పోనీ కృష్ణా జిల్లాలో చుట్టాల పెళ్లికి వెళ్దామా అంటే, అక్కడ వీళ్లు గుమ్మంలో అడుగు పెట్టగానే 'నైజాం వాళ్లొచ్చారు' అని వంటింట్లోకి కబురు పోతుంది. చిన్నప్పుడు సుప్రజ ఇంట్లో బడి తెలుగు మాట్లాడి ఇంట్లో తిట్లు తినేది, బడిలో ఇంటి తెలుగు మాట్లాడి బడిలో నవ్వులపాలయ్యేది. ఇప్పుడు రెండూ మాట్లాడుతుంది, కావాలనే మాట్లాడుతుంది. ఎవరైనా ముఖం చిట్లిస్తే ఇంకో రెండు మాటలు ఎక్కువ మాట్లాడుతుంది.

మొదటి నవల ఆవిడ ఒక బీహారు పిల్ల గురించి రాసింది. రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ కూతురు, ఊకపొడి గుట్టల మధ్య తెలుగు నేర్చుకునే పిల్ల. రెండోది చెరుకు కొట్టడానికి నాందేడ్ అవతల నుంచి ఏటా వచ్చే మరాఠీ కుటుంబం కథ. అందులో పిల్లవాడు సగం ఏడాది అక్కడి బడిలో, సగం ఏడాది ఇక్కడి బడిలో చదువుతాడు. ఏ బడిలోనూ ఆఖరి పాఠం వినడు. రెండు పుస్తకాల్నీ హైదరాబాదులో ఒక చిన్న ప్రచురణ సంస్థ నడిపే వినోద్‌కుమార్ అచ్చు వేశాడు. బాన్సువాడలో సభ పెట్టి శాలువా కప్పారు. ముందు వరుసలో ఈ పక్క కూర్చుని సుప్రజ తండ్రి హరనాథబాబు చప్పట్లు కొట్టాడు. ఆ పక్క కూర్చుని వెంకట్రాములు చప్పట్లు కొట్టాడు. వెంకట్రాములు ఊరి పాత మోతుబరి, మాజీ సర్పంచి. హరనాథబాబు చేనుకు ఆనుకునే ఆయన చేను. గట్టు ఒకటే అయినా ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ మాటల్లేవు.

సుప్రజ రాసే పద్ధతి ఒకటి చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం దుకాణం వెనక గోదాములో పిల్లలు బస్తాల మీద ఎక్కి కూర్చుంటారు. ఆ వారం రాసింది ఆవిడ చదివి వినిపిస్తుంది. ఎక్కడ ఒక పిల్లవాడు ఆవలిస్తే అక్కడ మొహమాటం లేకుండా కొట్టేస్తుంది. ఆ పిల్లల్లో వెంకట్రాములు మనవరాలు వందన కూడా ఒకతె. పదకొండేళ్లది, నోరు మాత్రం పాతికేళ్లది. చెరుకు నవల చదవడం అయిపోయిన రోజున అది లేచి, "ఆంటీ, అందరు యాడికెల్లి వచ్చిన్రో రాస్తవ్. మరి మీరు యాడికెల్లి వచ్చిన్రు? గది రాయవా?" అని అడిగింది.

సుప్రజ చేతిలోని కాగితాలు మడిచేసింది. నిజమే కదా. అందరి ఇళ్లలోకీ తొంగి చూసింది, సొంత ఇంటి తలుపు మాత్రం దగ్గరగా వేసుకుంది. ఆ సాయంత్రమే క్యాంపుకు వెళ్లి నాయనమ్మ నాగేంద్రమ్మ పక్కన కూర్చుంది. కొన్నాళ్లకు ఊళ్లోకి వెళ్లి వెంకట్రాములు తల్లి గంగవ్వ మంచం పక్కన కూడా కూర్చుంది. ఇద్దరు ముసలమ్మల దగ్గరా రెండు సగాలు దొరికాయి. రెండూ కలిపి 'క్యాంపు పిల్ల' అనే నవలలో ఏడో అధ్యాయం చేసింది. గొడవంతా ఆ ఏడో అధ్యాయంతోనే.

అందులో ఉన్నది ఇదీ. సుప్రజ తాత వీరరాఘవయ్య ఇక్కడికి వచ్చి చేను కొన్న మొదటి ఏడాది. పక్క చేను లింబయ్యది, అంటే వెంకట్రాములు తండ్రిది. కొత్తవాళ్లకు నాగలి అరువిచ్చిందీ, ఏ మడికి ఏ విత్తనమో చెప్పిందీ ఆయనే. ఇద్దరి కొడుకులూ ఒకే బడికి పోయేవాళ్లు, ఒకే జామచెట్టు ఎక్కేవాళ్లు. దసరా రోజు పొద్దున, దూడ మేత ముట్టడం లేదని వీరరాఘవయ్య లింబయ్యతో చెప్పుకుని బాధపడ్డాడు. సాయంత్రం లింబయ్య కొత్త ధోవతి కట్టుకుని వచ్చి, ఆయన చేతిలో జమ్మాకు పెట్టి, "బంగారం తీస్కో అన్నా" అన్నాడు. ఇక్కడ దసరా నాడు జమ్మాకే బంగారం. చేతిలో పెట్టి, గుండెకు హత్తుకుంటే ఆ ఏటి కోపాలన్నీ చెల్లు. వీరరాఘవయ్య ఊళ్లో జమ్మిచెట్టుకు పూజ ఉంది గాని, ఆకు తెచ్చి చేతిలో పెట్టే ఆచారం లేదు. పాపం, పొద్దున చెప్పుకున్న దూడకు మందు తెచ్చాడనుకున్నాడు. బంగారం లాంటి మందు కాబోలని మురిసిపోయి, అక్కడికక్కడే దూడ నోట్లో కుక్కాడు. లింబయ్య కౌగిలికి రెండు చేతులూ చాపి నిలబడే ఉన్నాడు. ఈయన వీపు అటు తిప్పి దూడ గంగడోలు నిమురుతున్నాడు. దూడ తాడు పట్టుకుని నిలబడ్డది ఏడేళ్ల హరనాథబాబు.

లింబయ్య ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. ఆ యాసంగిలో, అంటే రెండో పంటకు, వీరరాఘవయ్య నారుమడికి పోయే పిల్లకాలువను తన గట్టు దగ్గర మట్టితో పూడ్చేశాడు. నారు నిలువునా ఎండింది. ఎందుకు పూడ్చావని ఈయన అడగలేదు, అడిగితే లోకువైపోతానని. ఎందుకు పూడ్చానో ఆయన చెప్పలేదు, అది కూడా నోరు విప్పి చెప్పాలా అని. జమ్మాకు సంగతి వీరరాఘవయ్యకు ఎవరో చెప్పేసరికి నారు ఎండిపోయి ఉంది, తప్పు ఒప్పుకోవాల్సిన నోట్లో కోపం వచ్చి కూర్చుంది. పిల్లలిద్దర్నీ జామచెట్టు దించేశారు. ఆ తర్వాత అరవై ఏళ్లు ఏం జరిగిందంటే, లింబయ్య ఇంట్లో ఆకు కథ చెప్పుకున్నారు, నీళ్ల కథ ఎత్తలేదు. వీరరాఘవయ్య ఇంట్లో నీళ్ల కథ చెప్పుకున్నారు, ఆకు కథ ఎత్తలేదు. ఎవరికి పనికొచ్చే సగం వాళ్లు దాచుకున్నారు. మగవాళ్లు మింగేసిన సగాల్ని ఆడవాళ్లు కడుపులో దాచి ఉంచారు, అడిగేవాళ్లు లేక.

సుప్రజ పేర్లన్నీ మార్చింది. తాడు పట్టుకున్న పిల్లవాణ్ణి ఆడపిల్లను చేసి బుజ్జి అని పేరు పెట్టింది. పెద్దవాళ్లు గుప్పెడు ఆకు కోసం ఎందుకు కొట్టుకుంటున్నారో ఆ బుజ్జికి అర్థం కాదు, కథంతా అది అర్థం చేసుకోవాలని చూస్తుంది. గోదాములో ఆ అధ్యాయం చదివినప్పుడు ఒక్క పిల్లవాడూ ఆవలించలేదు. చదవడం అయ్యాక వందన మటుకు, పేర్లు మారినా పక్క చేను ఎవరిదో పోల్చుకుని, పరిగెత్తుకుంటూ ఇంటికి పోయి, "తాతా, మన ముత్తాత నీళ్లు బంద్ చేసిండా?" అని నిండు పంక్తిలో అడిగింది. అంతే, అచ్చు కాకముందే ఏడో అధ్యాయం ఊరంతా తిరిగొచ్చింది.

ముందుగా వచ్చింది హరనాథబాబు. దుకాణంలో నలుగురు రైతులున్నారని కూడా చూడలేదు. ఊళ్లో వాళ్లందరి కథలూ రాశావు, ఎవరైనా వద్దన్నారా అని మొదలుపెట్టాడు. పరాయి ఊళ్లో కాలు మోపి నలుగురిలో మనిషి అనిపించుకోవడానికి మీ తాత ఎంత చెమటోడ్చాడో తెలుసా, అలాంటి మనిషిని ఆకుకూ మందుకూ తేడా తెలియనివాణ్ణి చేసి పిల్లకాయలకు వినిపిస్తావా అని గొంతు పెంచాడు. తెలివితక్కువవాడని రాయలేదు, తెలియక చేశాడని రాశానని సుప్రజ నెమ్మదిగానే చెప్పింది. ఆయన వినలేదు. చివరికి కౌంటరు మీద చెయ్యి చరిచి, "ఆ అధ్యాయం అచ్చయిన రోజు నుంచి నా గడప తొక్కకు" అన్నాడు.

సుప్రజకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది. బీహారువాళ్ల ఇంటి గుట్టు రాస్తే ఆహా అన్న మనిషి, మరాఠీవాళ్ల ఆకలి రాస్తే చప్పట్లు కొట్టిన మనిషి, మన ఇంటి దాకా వచ్చేసరికి చెయ్యి చరుస్తాడా? ఊరందరి కథలు రాస్తే చప్పట్లు, ఇంటి కథ రాస్తే చెప్పులు. ఆహా, ఏం న్యాయం! అలాంటప్పుడు ఆ మొదటి రెండు పుస్తకాలూ రాసే హక్కు తనకు ఎక్కడిదని ఆవిడ తనను తానే ప్రశ్నించుకుంది. పరాయివాళ్ల గాయాలు విప్పి చూపించి, తన గాయానికి గుడ్డ కట్టుకునే మనిషి రచయిత ఎలా అవుతుంది? ఆ అధ్యాయం ఉండాల్సిందేనని అప్పుడే తీర్మానించుకుంది.

వారం తిరక్కుండా ఒక వింత జరిగింది. దుకాణం ముందు కారు ఆగింది, అందులోంచి వెంకట్రాములు దిగాడు. ఎన్నడూ ఈ దుకాణంలో గుప్పెడు విత్తనాలు కొనని మనిషి. ఆయన లోపలికి వచ్చి బల్ల మీద కూర్చునేసరికి, వెనకే హరనాథబాబు వచ్చాడు. దుకాణంలో ఉన్నది ఒకే బల్ల. కాసేపు తటపటాయించి ఆయనా దాని మీదే ఆ చివర కూర్చున్నాడు. సుప్రజ భర్త సాయిబాబు ఆ దృశ్యం చూసి, చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని గోదాములోకి జారుకున్నాడు. మామగారి కోపానికి దూరంగా ఉండే విద్యలో ఆయన ఆరితేరినవాడు.

ఇద్దరూ చెప్పింది ఒకటే. చెరొక కారణంతో చెప్పారంతే. మా నాయిన నీళ్లు ఆపిండని పిల్లలకు చెప్తే మా ఇజ్జత్ ఏం కావాలని వెంకట్రాములు. మా నాన్నకు ఆచారం తెలియదని నవ్వుతారని హరనాథబాబు. ఒకరి మాట అందుకుని ఇంకొకరు, మధ్యలో 'ఆయన చెప్పిందే నిజం' అని ఒకరినొకరు వెనకేసుకుని వస్తూ, చివరికి వెంకట్రాములు తేల్చేశాడు.

"ఇద్దరం ఒక మాట మీదున్నం బిడ్డా. గా ముచ్చట తీసెయ్యి. ఇగ దాని ఫికరే వద్దు."

సుప్రజ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వొచ్చి ఆపుకోలేకపోయింది.

"మీరు 'ఇద్దరం' అన్నరు కాకా. నేను పుట్టినకాడి నుంచి మీ ఇద్దరి నోట ఆ మాట వినలే. అచ్చు కూడా కాలే, నా ఏడో అధ్యాయం మిమ్మల్ని ఒక్క బల్ల మీద కూసోబెట్టింది. ఇంత పని చేసినదాన్ని నేనెట్ల తీసేస్త?"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. బల్ల ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది. హరనాథబాబు, గడప మాట గుర్తు పెట్టుకో అని మళ్లీ చెప్పి వెళ్లాడు. వెంకట్రాములు కారెక్కాడు. ఆ సాయంత్రమే ఇద్దరి ఫోన్లూ హైదరాబాదు చేరాయి.

మర్నాడు వినోద్‌కుమార్ ఫోను చేశాడు. మంచివాడే, కాని గొడవంటే గుండె జారే మనిషి. ఒక ఉపాయం చెప్పాడు. కథను అమెరికాకు మార్చేద్దామన్నాడు. తెలుగు పాప, పక్కింట్లో తెల్లవాళ్లు, జమ్మాకు బదులు వాళ్ల పండుగ ఏదో ఒకటి. వలస కుటుంబాల నవలలంటే ఈ రోజుల్లో పట్నంలో తల్లిదండ్రులు ఎగబడి కొంటున్నారు, అందులో ఎవరి తాతా ఉండడు, ఎవరూ నొచ్చుకోరు అన్నాడు.

సుప్రజ పైకి మర్యాదగానే విన్నది. విన్నాక అడిగింది. వలసంటే విమానం ఎక్కితేనేనా? రెండు రోజుల రైలు, మిగతా దారి ఎడ్లబండి, ఒళ్లో పసిపిల్ల, మూటలో విత్తనాలు, ఇదంతా వలస కాదా? మా బాన్సువాడ పిల్లలు అమెరికా పిల్లల కథ చదివి కన్నీళ్లు కార్చాలి గాని, పక్క బెంచీ పిల్ల మాట ఎందుకు వేరుగా ఉందో అడక్కూడదా? అక్కడ తెల్లవాళ్ల మధ్య తెలుగు పాప ఒంటరిదైతే అందరికీ జాలి. ఇక్కడ తెలుగువాళ్ల మధ్యే తెలుగు పిల్ల ఒంటరిదైతే మటుకు ఎవరికీ కనపడదు. నాకు కనపడుతుంది, ఎందుకంటే ఆ పిల్లను నేనే.

"ఒక్క ఆకు కూడా మార్చను వినోద్‌గారూ. వేస్తే అలాగే వెయ్యండి. లేకపోతే తిప్పి పంపండి, నేను గోదాములో పిల్లలకు చదివి వినిపించుకుంటాను."

చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. పుస్తకం అలాగే వేస్తాడు. ముందు ఒక కట్ట ఆవిడకు పంపుతాడు, మిగతావి తన దగ్గరే ఉంచుకుంటాడు. దసరా వెళ్లేలోగా ఆ రెండు ఇళ్లూ పుస్తకం తీసుకున్నాయంటే అన్ని ఊళ్లకూ వదులుతాడు. తీసుకోం అన్నా, రచ్చకెక్కినా, ఏడో అధ్యాయం చింపించి, మిగిలినదానికి మళ్లీ కుట్లు వేయిస్తాడు. అంతకు మించి తన వల్ల కాదన్నాడు. సుప్రజ సరేనంది. అన్నాక గాని, ఏం ఒప్పుకుందో అర్థం కాలేదు. పోతే అధ్యాయం పోతుంది, లేదా పుట్టిల్లు పోతుంది, ఖర్మ కాలితే రెండూ పోతాయి.

కట్ట వచ్చింది. ముఖచిత్రం మీద దూడ తాడు పట్టుకున్న రెండు జడల పిల్ల. సాయిబాబు దాన్ని చేతిలోకి తీసుకుని, బాగుంది గాని, ఇంత పంతం దేనికని భయంగానే అడిగాడు. మామగారు ఆ పుస్తకం పట్టుకుంటారా, నెత్తిన కొడతారా అన్నాడు. ఆ సంగతి దసరా సాయంత్రం దాకా సుప్రజకే తెలియదు.

దసరా సాయంత్రం ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి పోయి వచ్చింది. సుప్రజ కూడా వెళ్లి కొమ్మ తుంచుకుని వచ్చింది. దుకాణంలో నిలబడి చేతిలో ఆకు, బల్ల మీద పుస్తకాలు చూస్తూ ఉండగా తట్టింది. అయ్యో, ఇంతసేపూ ఎక్కడ పోయింది నా తెలివి అనుకుంది. రెండు పుస్తకాలు తీసింది. రెంటిలోనూ ఏడో అధ్యాయం తెరిచి, జమ్మి రెమ్మ పెట్టి, చివర బయటికి కనపడేలా మూసింది.

ముందు వెంకట్రాములు ఇంటికి వెళ్లింది. వాకిలి నిండా జనం, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, కాళ్లకు మొక్కేవాళ్లూ. వెంకట్రాములు నడవాలో నిలబడి అందరి దగ్గరా బంగారం తీసుకుంటున్నాడు. సుప్రజ ఎదురుగా వచ్చి, "బంగారం కాకా" అంటూ చేతులు చాపింది. ఆయన చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చేసింది. వచ్చాక చూశాడు, రెమ్మ ఒక్కటే కాదు, దానితో పుస్తకం కూడా ఉంది. చెయ్యి గాల్లో ఆగింది. నడవాలో మాటలన్నీ ఆగాయి. పుస్తకం వద్దంటే బంగారం వద్దనాలి. దసరా నాడు, నిండు వాకిట్లో, ఆంధ్రోళ్ల పిల్ల తెచ్చిన బంగారం లింబయ్య కొడుకు వద్దన్నాడని రేపు ఊరు చెప్పుకుంటుంది. లింబయ్య ఇంటిని అరవై ఏళ్లు మండించింది ఆ పనే కదా.

మంచంలోంచి గంగవ్వ గొంతు వినిపించింది. "ఏంది చూస్తున్నవ్? బంగారం తెచ్చిన పిల్లను నిలవెడ్తవా?"

వెంకట్రాములు పుస్తకం తీసుకున్నాడు. బరువు చూస్తున్నట్టు ఓసారి పైకీ కిందికీ ఊపాడు. నీళ్ల ముచ్చట గట్లనే ఉంచినవా అని మెల్లగా అడిగాడు.

"పేర్లు మార్చిన కాకా. పని మార్చలే" అంది సుప్రజ.

ఆయన ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, మస్తు హుషారున్నవ్ బిడ్డా అన్నాడు. వెనక నుంచి వందన ఆ పుస్తకం లాక్కోబోతే, ముందు నేను చదువుత, నువ్వు ఇన్నవ్ గదా అని చంకలో పెట్టుకున్నాడు. సుప్రజకు ఊపిరి వచ్చింది, సగం. అసలైనది క్యాంపులో ఉంది.

క్యాంపు దారిలో కాలువ నిండుగా పారుతోంది. ఆవిడ బండి నెమ్మదిగానే నడిపింది. వెంకట్రాములు ఈ గడ్డ మీద పుట్టినవాడు, జమ్మాకు కాదనడం ఆయన ఒంట్లో లేదు. నాన్న సంగతి వేరు. ఆయనకు పంతం వస్తే దేవుడొచ్చి చెప్పినా వినడు, ఆ పంతమే కదా తనకూ వచ్చింది. పుస్తకం విసిరికొడితే? ఆ ఇంట్లో పుట్టి, అరుగు మీద అక్షరాలు దిద్ది, ఇక ఎప్పుడూ ఆ గుమ్మంలోకి వెళ్లకుండా ఉండగలదా? ఉండాల్సి వస్తే ఉంటుంది. ఏడుస్తూనే ఉంటుంది, కాని అధ్యాయం మాత్రం తియ్యదు.

హరనాథబాబు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ వీధిలోకి ఎవరి బండి వచ్చినా చూసే అలవాటు ఆయనది. వాకిట్లో గేదె, పక్కన కట్టేసిన దూడ. సుప్రజ బండి దిగి, పుస్తకం పట్టుకుని గడప దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. లోపలికి రాలేదు. చేతులు చాపి, "బంగారం నాన్నా" అంది.

ఆయన రెమ్మ వంక చూశాడు, పుస్తకం వంక చూశాడు. ముఖం ఎర్రబడింది. లోపల్నుంచి నాగేంద్రమ్మ, పట్టె మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తూ, "గడపకు అటొకరూ ఇటొకరూ నిలబడి ఇచ్చిపుచ్చుకోవడమేమిటి, ఇంటికి అరిష్టం. లోపలికి రావే" అని కేకేసింది.

"నేను గడప తొక్కను నాయనమ్మా. నాన్న తొక్కద్దన్నారు. ఆయన మాట ఆయనే దాటాలి, నేను దాటను."

ఎంత ధైర్యం చూశారా! హరనాథబాబు పళ్లు బిగించాడు. తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు. వేసేస్తాడేమో అనుకుంది సుప్రజ. ఆయన తలుపు వెయ్యలేదు. ఆ రెక్క ఆసరాగా పట్టుకుని, నొప్పి మోకాళ్లతో ఒక్కొక్క కాలే ఎత్తి, గడప దాటి వాకిట్లోకి వచ్చాడు. పుస్తకం ఆవిడ చేతిలోంచి విసురుగా లాక్కున్నాడు.

ఆ విసురుకు పుస్తకం తెరుచుకుంది. జమ్మి రెమ్మ జారి, వాకిట్లో నేల మీద పడింది. పక్కనే దూడ. పచ్చటిది కనపడిందో లేదో, మెడ చాచి నాలుక చాపింది.

ఆ ముసలాయన ఎంత చురుగ్గా వంగాడో సుప్రజ ఎప్పటికీ మరిచిపోదు. మోకాళ్లు ఏమయ్యాయో, కోపం ఏమయిందో. ఒక చేత్తో దూడ మూతిని పక్కకు నెట్టేసి, ఇంకో చేత్తో రెమ్మ అందుకున్నాడు. అంతటితో ఆగలేదు. రాలిపోయిన చిన్న చిన్న ఆకుల్ని, మట్టిలో ఒక్కొక్కటే వెతికి ఏరి, అరచేతిలో వేసుకున్నాడు. వేలి కొనలకు మట్టి అంటింది. అరవై ఏళ్ల కింద ఇదే వాకిట్లో తాడు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు, అప్పుడు చెయ్యలేని పని ఇప్పుడు చేస్తున్నాడని సుప్రజకు తెలిసింది. ఆయన లేచేటప్పుడు భుజం పట్టి లేపింది.

హరనాథబాబు ఆకుల్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటే కూతురు చూస్తుందని తుడుచుకోలేదు. ఆ తర్వాత పుస్తకం చంకలో పెట్టుకుంటూ, ఎటో చూస్తూ అడిగాడు.

"ఇది కూడా రాస్తావా ఏమిటే?"

"రాస్తాను నాన్నా" అంది సుప్రజ.